బండి కదిలిన మధ్యాహ్నం

ఆ కొండమీద ఒక పద్ధతి ఉండేది. నిలబెట్టి ఉన్న బండి మీద చెయ్యి వేయాలంటే ముందు దాని రేకు మీద మూడుసార్లు తట్టాలి. లోపలి నుంచి జవాబు వస్తుందేమోనని ఆగాలి. లోపల ఎవరూ లేరని తెలిసినా సరే, తట్టాల్సిందే. ఏళ్ల తరబడి బండిలోనే వండుకుని, బండిలోనే పడుకుని ఊళ్లు తిరిగినవాళ్లు పెట్టుకున్న పద్ధతి అది. చూసేవాళ్లకు అది బండి. వాళ్లకు ఇల్లు.

ఈ సంగతి నాకు మొదటి రోజే చెప్పారు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

నేను సింగపూర్ వచ్చేనాటికి ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్నాయి. నాతో చదివినవాళ్లలో కాస్త ప్రోగ్రామింగ్ వచ్చిన ప్రతివాడూ ఎక్కడో ఒకచోట విమానం దిగుతున్నాడు. నాకు వన్-నార్త్‌లో ఒక కంపెనీలో పని దొరికింది. బ్యాంకుల సాఫ్ట్‌వేర్ ఆగకుండా చూసుకోవడం మా బృందం పని. ఆంగ్ మో కియోలో ఒక పాత బ్లాకులో, పెద్దవయసు తెలుగు దంపతుల ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అంకుల్ తంజోంగ్ పగార్ రేవులో క్రేను నడిపి రిటైరయ్యారు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాళ్లు. ఆ జిల్లా యాస వాళ్ల నాలుక మీద అలాగే నిలిచిపోయింది. మధ్యమధ్యలో అరవం, మలయ్ దొర్లేవి. నేను గదిలో పెట్టె దించుతుంటే ఆంటీ గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాట, "మకాన్ అయ్యిందా బాబూ?" నాకు అర్థం కాలేదు. ఆవిడ నవ్వి, చేతిని నోటి దగ్గరికి తీసుకెళ్లి చూపించారు.

రిటైరయ్యాక వాళ్లు ఒక పాత వ్యాను కొని, వెనక సీట్లు పీకించి, మంచం, పొయ్యి, నీళ్ల డబ్బా బిగించుకున్నారు. సింగపూర్‌లో అలాంటి బండి ఉంచుకోవడం కుదరదు. అందుకని అది సరిహద్దు అవతల, మలేషియా జోహోర్‌లో ఆంటీ తమ్ముడి పేరున, అతని షెడ్‌లో ఉండేది. ఇద్దరూ బస్సులో కాజ్‌వే వంతెన దాటి వెళ్లి, బండి తీసుకుని నెలల తరబడి మాయమైపోయేవారు. మలేషియా తూర్పు తీరం, థాయ్‌లాండ్‌లో హట్యాయ్, ఇంకా పైకి చియాంగ్ మై దాకా. నాకు పోస్టుకార్డులు వచ్చేవి. వాటి మీద ఆంటీ ఊరి పేరు రాసి, కింద అక్కడ దొరికే కూరగాయల పేర్లు మాత్రం రాసేవారు.

తర్వాత అంకుల్ మోకాళ్లు మొరాయించాయి. దూరాలు నడపొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఆయన బండిని ఆఖరిసారి కామెరాన్ హైలాండ్స్ కొండల మీదికి ఎక్కించి అక్కడ ఆపేశారు. ఒక చైనా రైతు క్యాబేజీ మడుల పక్కన వరుసగా మూడు చెక్క ఇళ్లు కట్టి అద్దెకిచ్చేవాడు. మూడింటిలోనూ ఇలాంటివాళ్లే, ఒకప్పుడు బండ్లలో తిరిగి ఇప్పుడు తిరగలేనివాళ్లు. సింగపూర్‌లో ఎండాకాలమని వేరే ఏమీ ఉండదు, ఏడాదంతా ఉక్కే. అయినా మే వచ్చేసరికి ఆంటీ "ఎండాకాలం వచ్చేసింది" అని ప్రకటించి సామాను సర్దేవారు. ఆగస్టు దాకా కొండమీదే.

చెక్క ఇంట్లో రెండు గదులున్నా వాళ్లు పడుకునేది మాత్రం పక్కన ఆపిన బండిలోనే. వంట ఇంట్లో, నిద్ర బండిలో. పొద్దున్నే పొగమంచులో ముసలివాళ్లందరూ ఉన్ని టోపీలు పెట్టుకుని, ఎవరి బండి తలుపు కింద కట్టిన సిమెంటు మెట్టు మీద వాళ్లు కూర్చుని టీ తాగుతుండేవారు. ఆదివారం మాత్రం వేరే సంగతి. బ్యాటరీ చచ్చిపోకుండా ఇంజన్లు స్టార్ట్ చేసే రోజు అది. అంకుల్ స్టీరింగ్ ముందు కూర్చునేవారు. ఆంటీ మంచి చీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చునేవారు. ఇంజను గుర్రుమంటుంటే అంకుల్ అడిగేవారు.

"ఎక్కడికి పోదాం?"

"హట్యాయ్ పోదాం. దారిలో పాసర్ దగ్గర ఆపు, సేపలు కొనాల."

"నిన్న కూడా సేపలే కదేటి."

"నిన్న నువ్వు తిన్నావు. ఇయాల నాను తింటాను."

బండి అంగుళం కదిలేది కాదు. కాసేపయ్యాక అంకుల్ ఇంజను ఆపేవారు. ఆంటీ దిగేటప్పుడు "బాగా నడిపావు" అని మెచ్చుకునేవారు. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆవిడ నన్ను చూసి, "నువ్వు కూడా ఎక్కు బాబూ, టికెట్ లేదులే" అన్నారు.

అయితే ఆ జూన్‌లో నేను వెళ్లింది సరదాకి కాదు.

అంతకుముందు కొన్ని నెలలుగా ఆంటీ చిన్నచిన్నవి మరిచిపోతున్నారు. పులుసులో ఉప్పు రెండుసార్లు వేయడం, గిన్నె పొయ్యి మీద పెట్టి మాడబెట్టడం. వాళ్ల ఒక్కగానొక్క కూతురిని నేను అక్కా అని పిలిచేవాణ్ని. పెళ్లయి వేరే ఫ్లాట్‌లో ఉండేది. గిన్నె మాడిన రోజు ఆమె అమ్మానాన్నలను కూర్చోబెట్టి, నేను కూడా అక్కడే ఉండగా, తేల్చి చెప్పింది.

"ఇంకొక్కసారి ఏదైనా వియర్డ్‌గా జరిగితే, ఫినిష్. కొండ లేదు, వ్యాన్ లేదు. ఇద్దరూ ఇక్కడే ఉండాలి. డాక్టర్‌కి చూపిస్తా. నో డిస్కషన్ లా."

తర్వాత నేను బట్టలు ఆరేస్తుంటే ఆంటీ వంటింటి కిటికీ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు. "జూన్‌లో నీకు లీవ్ ఉంది కదా. మాతో రా. వారం ఉండు. నాను బాగానే ఉన్నానని నువ్వు చూసి దానికి సెప్పు. మా మాట నమ్మదు. నీ మాట నమ్ముతాది."

అక్క కూడా ఫోన్ చేసి అదే అడిగింది. "మీరు చూసి నాకు చెప్పండి. హానెస్ట్‌గా."

అలా ఇద్దరికీ సాక్షిగా నేను ఆ కొండ ఎక్కాను.

వారంలో నాలుగు రోజులు హాయిగా గడిచాయి. ఆంటీ ఒక్కటీ మరిచిపోలేదు. పైగా నాకు గుర్తు చేసేవారు, స్వెట్టర్ వేసుకో, చెప్పులు లోపల పెట్టు అని. ఇంకా కొద్ది రోజులు గడిస్తే నేను అక్కకి ధైర్యంగా చెప్పగలను అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం వాన మొదలైంది. నేను జోహోర్‌లో అద్దెకు తీసుకున్న కారు రోడ్డు మీద ఉంది. తడుస్తోందని తెచ్చి, అద్దం మడిచి, వ్యాను కుడిపక్క సందులోంచి దూర్చి, వెనకాల రేకుల పందిరి కింద పెట్టాను. ఇంట్లోకి వచ్చి కిటికీలోంచి చూస్తే అంకుల్ పెద్ద నల్లగొడుగు మడుల మధ్య దారిలో కిందికి వెళ్తోంది. అంకుల్ ఎటు వెళ్లినా ఆంటీ వెంట ఉంటారు. ఇద్దరూ కూరగాయలకు వెళ్తున్నారనుకున్నాను. గొడుగు కింద ఎంతమంది ఉన్నారో చూడలేదు. గొడుగు చూశాను, ఇద్దరని అనేసుకున్నాను.

అప్పుడే హ్యాండ్‌ఫోన్ ఒక్క క్షణం బతికి మెసేజ్ తెచ్చింది. ఒక బ్యాంకు సిస్టమ్ ఆగిపోయింది, వెంటనే ఫోన్ చెయ్యమని మా మేనేజరు. ఆ కొండమీద సిగ్నల్ సరిగ్గా అందేది కింద రోడ్డు మలుపులో టీ దుకాణం దగ్గరే. పరుగున వెళ్లి కారెక్కాను. వెనక్కి తీస్తుంటే మెత్తబడిన నేలలో చక్రాలు పక్కకు జారి వ్యాను మీదికి పోతున్నాయి. వ్యాను కాస్త ముందుకు జరిగితే తప్ప బయటపడే దారి లేదు.

వ్యాను తాళం వంటింట్లో పొయ్యి పక్కన కొక్కేనికి ఉంటుంది. తీసుకున్నాను. చక్రాల కింద చెక్క దిమ్మలు తీశాను. కుడిపక్క తలుపు తెరిచి ఎక్కి స్టార్ట్ చేశాను. వెనక తెర వేసి ఉంది. ఎడమపక్క జరుపుడు తలుపు గాలికోసం సగం తెరిచి ఉందని నేను చూడలేదు. క్లచ్ సరిగా వదలలేక బండి ఒక కుదుపు కుదిపింది. ముందుకు తెచ్చి ఆపాను. దిగి, కారు బయటికి తీసి, మళ్లీ వ్యాను ఎక్కి వెనక్కి తెచ్చి ఉన్నచోటే పెట్టాను. దిమ్మలు తన్ని బిగించాను. తాళం కొక్కేనికి తగిలించాను. తీసిన వస్తువు తీసినచోట పెట్టడం నా అలవాటు, దాన్ని చూసుకుని కాస్త గర్వం కూడా.

తట్టలేదు. తట్టాలన్న ఆలోచనే రాలేదు.

టీ దుకాణం చూరు కింద నిలబడి చాలాసేపు ఫోన్లో మాట్లాడాను. మా వృత్తిలో ఏదైనా ఆగిపోయిందని ఫోన్ వస్తే మొదట నోట్లోంచి వచ్చే వాక్యం ఒకటుంటుంది: "మా వైపు నుంచి ఏ మార్పూ లేదు." నిజమా కాదా అని చూసుకోకముందే అనేస్తాం. ఆ తర్వాత వెతుక్కుంటాం. ఆ రోజు కూడా మొదట అదే అన్నాను. చివరికి తప్పు ఇంకెవరిదో అని తేలింది. తేలిక మనసుతో టీ తాగి తిరిగి వచ్చాను. ఈసారి కారు రోడ్డు మీదే ఆపాను, బురదలో ఇరుక్కోవడం ఎందుకని.

చెక్క ఇంటి అరుగు మీద అందరూ ఉన్నారు. ఆంటీ బల్ల మీద వెనక్కి వాలి కూర్చున్నారు. జుట్టులో బురద, చెంప మీద గీరుకున్న ఎర్రటి చార. ఎడమ చేతికి తువ్వాలు చుట్టి ఉంది. చీలమండ నేను చూస్తుండగానే ఉబ్బుతోంది. పక్కింట్లో ఉండే ఇపో ఊరి చైనా పెద్దాయన, రిటైరైన లారీ డ్రైవరు, తడిసిన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. క్యాబేజీ మడిలో పడి ఉన్న ఆవిడను చూసింది అతనే. అంకుల్ ఆంటీ పాదం దగ్గర కూర్చుని ఉన్నారు. మోకాళ్లు వంగని మనిషి నేల మీద ఎలా కూర్చున్నారో నాకిప్పటికీ తెలియదు.

"ఏటయ్యింది? మళ్లీ సెప్పు," అంటున్నారు అంకుల్.

"సెప్పాను కదా. తలనొప్పని నాను రాలేదు, బండిలో పడుకున్నాను. బండి కదిలింది. నువ్వే వచ్చి నడుపుతున్నావనుకున్నాను. ఎంత బాగుందో. తర్వాత ఆగింది. ఏ ఊరో సూద్దామని దిగాను. అక్కడ మెట్టు లేదు."

"మెట్టు ఉంది కదే."

"అప్పుడు లేదు. పడిపోయాను. అరిసాను. బండి మళ్లీ వెనక్కి ఎల్లిపోయింది, నన్ను ఒగ్గేసి."

అందరం బండి వైపు చూశాం. ఎప్పటిలాగే ఉంది. సిమెంటు మెట్టు తలుపు కింద సరిగ్గా ఉంది. దిమ్మలు చక్రాల కింద ఉన్నాయి. అరుగు మీంచి చూస్తే వంటింట్లో కొక్కేనికి తాళం కనిపిస్తోంది. నేలంతా బురద, వాన నీళ్లు, చక్రాల జాడ ఏదీ మిగల్లేదు. కారు పందిరి కింద కాసేపు ఉండి వెళ్లిందని వాళ్లెవరికీ తెలియదు.

ఆవిడ బండిలో ఉన్నారు. నేను కుదుపుతో ముందుకు లాగినప్పుడు తెర వెనక మంచం మీద ఉన్నారు. నేను కుడిపక్క దిగి కారు దగ్గరికి వెళ్తుంటే, ఎడమపక్క దిగి, లేని మెట్టు మీద కాలు వేసి పడిపోయారు. ఆ రేకుల మీద వాన మోతలో ఆవిడ అరుస్తున్నారు. నేను మళ్లీ ఎక్కి, ఆవిడ పడి ఉన్నచోటికి ఒక్క బారెడు దూరంలో చక్రాలు తిప్పుతూ బండిని వెనక్కి తెచ్చాను. అద్దంలో చూశాను కూడా. కుడిపక్క అద్దంలో.

"సరే, కదిలిందిలే," అన్నారు అంకుల్. మారాం చేసే పిల్లలతో మాట్లాడే గొంతుతో అన్నారు. ఆంటీకి ఆ గొంతు అర్థమైంది. ఆయన ముఖంలోకి చూసి, తువ్వాలు చుట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నారు.

నేను అప్పుడే చెప్పి ఉండాలి. నోరు తెరిచాను కూడా. "కారు తెస్తాను, క్లినిక్‌కి వెళ్దాం" అన్నాను. అంకుల్ నా చెయ్యి పట్టుకుని, "సమయానికి దేవుడిలా వచ్చావు బాబూ," అన్నారు. ఆ మాట విన్నాక చెప్పడం ఇంకా కష్టమైంది. కష్టమైందంటే అది నా పిరికితనానికి నేను పెట్టుకున్న పేరు.

మణికట్టు విరిగింది, చీలమండలో చిన్న పగులు. మర్నాడు మధ్యాహ్నానికి అక్క వచ్చింది. తల్లిని కావలించుకుంది, తండ్రి మీద అరిచింది, తర్వాత మళ్లీ తల్లి దగ్గర కూర్చుని మొత్తం చెప్పించుకుంది. ఆంటీ ముందురోజు చెప్పినట్టే చెప్పారు, ఒక్క మాట తేడా లేకుండా. ముందుకు వెళ్లింది, ఆగింది, మెట్టు లేదు, వెనక్కి వెళ్లింది.

"అమ్మా. వ్యాన్ దానంతటదే వెళ్లి, మళ్లీ రివర్స్ అయ్యి పార్క్ చేసుకుందా?"

"ఎవరు నడిపారో నాకేటి తెలుసు? కదిలింది."

అక్క నా వైపు తిరిగింది. ఆ చూపులో ఆశ ఉంది. తల్లి మాట నిజం కావాలనే ఆమె కోరుకుంటోంది. "మీరు ఇక్కడే ఉన్నారు కదా. వ్యాన్ కదిలిందా?"

"నేను ఆ టైమ్‌లో ఫోన్ కోసం కిందికి వెళ్లానక్కా. నేను చూసినంతవరకు ఏ మార్పూ లేదు."

నా గొంతు నాకే వినిపించింది. టీ దుకాణం చూరు కింద ఫోన్లో మాట్లాడిన గొంతే అది. తొణకలేదు, బెణకలేదు. అబద్ధమాడబోతున్నానని నాకు ముందు తెలియలేదు. నోట్లోంచి వచ్చాక తెలిసింది, అదీ ఇంత నున్నగా వచ్చిందేమిటని. ఆంటీ నా వైపు చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు, అనుమానం లేదు. నేను సాక్షిని. నేను చెప్పానంటే అంతే. ఆవిడ నెమ్మదిగా తల దించుకుని తన కట్టు వైపు చూసుకున్నారు.

రెండు రోజుల్లో సామాను సర్దేశారు. చెక్క ఇల్లు రైతుకి అప్పగించేశారు. వ్యానును ఇపో పెద్దాయన తీసుకున్నాడు. తాళం చేతికిచ్చేముందు అంకుల్ బండి దగ్గరికి వెళ్లి మూడుసార్లు తట్టారు. కాసేపు ఆగారు. ఆ తర్వాతే తలుపు తెరిచి, లోపల గోడకు వేలాడే ఆంటీ గరిటెలు తీశారు.

ఆంగ్ మో కియోలో అన్నీ మళ్లీ మామూలుగా మొదలైనట్టే ఉన్నాయి. నేను పొద్దున్నే ట్రైన్ ఎక్కి ఆఫీసుకు వెళ్లేవాణ్ని, సాయంత్రం హాకర్ సెంటర్లో తిని వచ్చేవాణ్ని. ఫ్లాట్‌లో తినడం తగ్గించాను. అక్క ఆంటీని డాక్టర్ల దగ్గరికి తిప్పుతోంది. ప్రతిచోటా బండి కథ చెబుతోంది, జబ్బు ఎంత ముదిరిందో చెప్పడానికి అదే ఉదాహరణ. ఆంటీ మాత్రం ఆ కథ చెప్పడం మానేశారు. ఎవరైనా అడిగితే, "కలగన్నానంట" అనేవారు.

నన్ను అసలు భయపెట్టింది తర్వాత జరిగినది. ఆవిడ తన మీద తానే నమ్మకం పోగొట్టుకోవడం మొదలుపెట్టారు. పొయ్యి కట్టేసి, పక్కన నిలబడి, "కట్టేశానా?" అని అంకుల్‌ని అడిగేవారు. కూరలో ఉప్పు వేయడమే మానేశారు, ఎవరైనా వచ్చి వేయాలి. కిటికీలోంచి వాన చూస్తూ, "వాన పడుతోంది కదా?" అని అడిగేవారు. ఒకప్పుడు ఉప్పు రెండుసార్లు వేసిన మనిషికి, ఇప్పుడు ఒక్కసారి వేయడానికి కూడా ధైర్యం లేదు. అది జబ్బు చేసిన పని కాదు. నేను చేసిన పని.

ఒక శనివారం పొద్దున అంకుల్‌కి జ్వరంగా ఉంటే, ఆంటీని కింద క్లినిక్‌లో కట్టు చూపించడానికి నేను తీసుకెళ్లాను. తిరిగి వస్తూ లిఫ్టు ఎక్కాం. పాత లిఫ్టు, మెల్లగా మూలుగుతూ పైకి పోతుంది. తలుపులు మూసుకున్నాక ఆవిడ మంచి చేత్తో నా మోచెయ్యి పట్టుకున్నారు. గట్టిగా పట్టుకున్నారు.

"బాబూ."

"ఆంటీ."

"ఇది కదులుతోందా?"

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. హాస్యానికి అనలేదు. నిజంగా తెలియక అడుగుతున్నారు. కాళ్ల కింద నేల కదులుతుంటే, అది కదులుతోందని చెప్పడానికి ఆవిడకు ఇంకో మనిషి కావాలి. ఆ మనిషిగా నన్ను ఎంచుకున్నారు.

"కదులుతోంది ఆంటీ," అన్నాను. నా గొంతు ఈసారి నున్నగా రాలేదు. "ఆ రోజు బండి కూడా కదిలింది. నేనే నడిపాను. కారు తీయడానికి ముందుకు జరిపి, మళ్లీ వెనక్కి పెట్టాను. మీరు లోపల ఉన్నారని చూసుకోలేదు. తట్టలేదు. అక్క అడిగితే అబద్ధం చెప్పాను."

లిఫ్టు మా అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరం కదల్లేదు. తలుపులు మళ్లీ మూసుకున్నాయి. ఎవరో కింద నొక్కినట్టున్నారు, లిఫ్టు దిగడం మొదలుపెట్టింది.

ఆంటీ నా చెయ్యి వదిలేశారు. గోడకు ఆనుకున్నారు. అప్పుడు అన్నారు, "కుదుపొచ్చింది. మీ అంకుల్ అలగ నడపడు. అప్పుడే అనుకున్నాను."

కింద తలుపు తెరుచుకుంది. స్కూలు బ్యాగుతో ఉన్న ఒక పాప, "ఆంటీ, గోయింగ్ అప్ ఆర్ డౌన్?" అని అడిగింది. ఆంటీ నా వైపు చూడకుండా, ఆ పాపతో, "పైకి," అన్నారు. ఎవరినీ అడక్కుండా ఆవిడ జవాబు చెప్పడం ఆ మధ్యకాలంలో నేను వినలేదు.

పైన అంకుల్‌కి చెప్పాను. జ్వరంతో మంచం మీద ఉన్న మనిషి లేచి కూర్చుని అంతా విన్నారు. తిట్టలేదు. ఆయన అన్నది ఒక్కటే. "తట్టుంటే సరిపోయేది కదరా." అంతకుముందు ఎప్పుడూ నన్ను రా అనలేదు.

అక్కకి ఫోన్లో చెప్పాను. "మా అమ్మకి పిచ్చి అని నేను ఎంతమందికి చెప్పానో తెలుసా? మీరు పక్క గదిలో కూర్చుని విన్నారు. ఎట్లా కూర్చున్నారు? నాకు అది చెప్పండి, ఎట్లా కూర్చోగలిగారు?" ఆ నెలాఖరుకి నేను గది ఖాళీ చేశాను. ఎవరూ పొమ్మనలేదు, ఉండమని కూడా అనలేదు.

నేను వెళ్లే రోజు వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. ఆంటీ ఒక్కచేత్తో పులుసు కలిపి, ఉప్పు డబ్బా తీసి, చిటికెలతో వేసుకుని, రుచి చూసి, డబ్బా మూసేశారు. ఎవరినీ పిలవలేదు. నా పశ్చాత్తాపం తెచ్చిన మంచి ఏదైనా ఉంటే ఆ ఉప్పు ఒక్కటే. చెక్క ఇల్లు తిరిగి రాలేదు. రైతు అప్పటికే వేరేవాళ్లకు ఇచ్చేశాడు. వ్యాను ఇపోలో ఎవరికో చేతులు మారిందని తర్వాత విన్నాను. ఇంకా రెండు మూడు ఎండాకాలాలు దక్కాల్సినవాళ్లకు దక్కకుండా చేశాను.

చాలా కాలం తర్వాత గాని అక్క నన్ను ఆ గడప తొక్కనివ్వలేదు. అప్పటికి ఆంటీకి నిజంగానే జబ్బు వచ్చింది. మొదట వారాలు, తర్వాత మనుషుల పేర్లు, తర్వాత ముఖాలు మరిచిపోతూ వచ్చారు. నేను ఎవరో ఆవిడకు తెలియదు. కానీ బండి సంగతి మాత్రం పోలేదు. ఎవరు వచ్చినా కూర్చోబెట్టి చెబుతారు. ఆ రోజు బండి కదిలింది. నాను సెప్పాను. ఎవరూ నమ్మలేదు.

నెలకోసారి వెళ్తాను. వెళ్లిన ప్రతిసారీ ఆవిడ చెబుతారు, ప్రతిసారీ నేను మొదటిసారి ఒప్పుకున్నట్టు ఒప్పుకుంటాను. ఒకసారి చెప్పేస్తే తీరిపోతుందనుకున్న మాటను ఇలా చెబుతూనే ఉంటానని ఊహించలేదు. విన్న ప్రతిసారీ ఆవిడ ముఖం తెల్లబోతుంది. నాకు అలవాటు కాలేదు. మొన్న వెళ్లినప్పుడు కూడా అంతే.

"కదిలింది ఆంటీ. నేనే కదిపాను."

"నువ్వా?"

"నేనే."

"తట్టావా మరి?"

"లేదు."

ఆవిడ నోరు తెరిచి నన్ను అలాగే చూశారు. తట్టకుండా ఒకరి ఇంట్లో చొరబడే మనిషి లోకంలో ఉంటాడా అన్నట్టు. తర్వాత కుర్చీలో వెనక్కి తిరిగి, కిటికీ పక్కన పేపరు చదువుతున్న అంకుల్‌ని పిలిచారు.

"ఇదిగో, ఇన్నావా? ఈ బాబు సెప్తన్నాడు. కదిలిందంట."

అంకుల్ పేపరు దించారు. ఈ మాట ఆయన ఎన్నిసార్లు విన్నారో.

"ఇన్నాను," అన్నారు. "కదిలింది. నువ్వు సెప్పిందే నిజం."